కామాటిపుర కాగితాలు ఎక్కడ?

కామాటిపుర తెలుగువాళ్లు బొంబాయికి రాళ్లెత్తారే గాని రాత మిగల్చలేదన్న మాట మన గల్లీల్లోనే చలామణి అవుతోంది. 1784లో హార్న్‌బీ కట్ట పూర్తయి చిత్తడి నేలలు తేలాక నైజాం ఇలాకా కామాటీ కూలీలు వచ్చి ఇక్కడ నిలబడ్డారని ఒప్పుకునేవాళ్లు సైతం ఆ ఒక్క వాక్యంతో మన పద్దు మూసేస్తారు. 1909-10 నాటి ఎడ్వర్డ్స్ బొంబాయి గెజెటీర్‌ను మళ్లీ మళ్లీ ఎత్తిరాసినవాళ్లకు పేట పేరు, వేశ్యావాడ తప్ప మరొకటి పట్టలేదు. 2022లో ‘గంగూబాయి కాఠియావాడీ’ సినిమా ఆ రెండో సంగతినే దేశమంతా చాటింది. బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిన తల్లులు ఏ కెమెరాకూ ఆనలేదు.

రాత లేదన్నది అబద్ధం. జ్యోతిరావు ఫూలే 1873లో సత్యశోధక సమాజం పెడితే బొంబాయిలో దానికి అండగా నిలిచినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు, వ్యంకూ బాలోజీ కాలేవార్ ఉన్నారు. ముగ్గురూ తెలుగువాళ్లే. సమాజానికి అచ్చుయంత్రం సమకూర్చడంలోనూ వాళ్ల చెయ్యి ఉంది. అక్షరం విలువ తెలియనివాళ్లు చేసే పనేనా అది? అయినా ఈ సంగతులు మనం ఫూలే జీవిత చరిత్రల్లో, అదీ మరాఠీలో, వెతుక్కోవలసి వస్తోంది. దాదర్‌లో ఆంధ్ర మహాసభ గ్రంథాలయం ఉంది కదా అంటారు. ఉండటం మేలే, కాని అచ్చయిన తెలుగు పుస్తకం హైదరాబాదులోనూ దొరుకుతుంది. కుల సంఘాల లెక్కల పుస్తకాలు, నాటకాల కరపత్రాలు, శుభలేఖలు, మిల్లు కార్డులు, మునిసిపల్ తెలుగు బడి ఫొటోలు మాత్రం ఈ చాళ్లలోని ట్రంకుపెట్టెల్లోనే ఉంటాయి. ప్రపంచంలో తొలి ఆర్మీనియన్ పత్రిక ‘అజ్దరార్’ 1794లో అచ్చయింది మన మద్రాసులో. సొంత దేశానికి అంత దూరాన గుప్పెడు మంది చేసిన ఆ పని ఇవాళ మనకు తెలుస్తోందంటే ఎవరో ఆ ప్రతులు దాచారు గనుకనే. మన కాగితాలు దాచడానికీ కామాటిపురలోనే ఒక గ్రంథాలయం కావాలి.

మన పిల్లలకు తెలుగు చదవడం రాదు, ఇక ఎవరికోసం అని మరో అభ్యంతరం. మరాఠీ చదువుతారుగా! మన చరిత్రలో సగం ఆ భాషలోనే ఉన్నప్పుడు గ్రంథాలయం రెండు భాషల్లో నడవడమే న్యాయం. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేపట్టే పునరభివృద్ధి మన పేట తలుపు తడుతోంది. కొత్త భవనాల్లో గుడికి చోటడిగే పెద్దలు గ్రంథాలయానికీ ఒక గది అడగాలి. అంతవరకు ఇల్లు ఖాళీ చేసేవాళ్లు పాత కాగితాలను రద్దీవాడికి వేయకండి.