ఆగస్టు 24: ఒక తేదీని సంఘం ఎలా జ్ఞాపకం చేసుకోవాలి?

1. ఉపోద్ఘాతం

‘చరిత్రలో ఈ రోజు’ అన్న శీర్షికతో దినపత్రికలు ప్రతిదినం కొన్ని సంఘటనలను వరుసగా అచ్చువేస్తుంటాయి. మన సేవకులలో అనేకులు వాటిని ప్రసంగాలలోనూ సంఘ పత్రికలలోనూ వాడుకుంటారు. ఇది మంచి అలవాటే. గతాన్ని ఎరుగని సంఘం తన ఇంటి పునాది ఎక్కడున్నదో ఎరుగదు. అయితే వేరువేరు శతాబ్దాలలో ఒకే తేదీన జరిగిన రెండు మూడు సంఘటనలు కనబడగానే, వాటి మధ్య ఏదో దైవ సంకేతం ఉన్నదని బోధించే తొందర కూడా మనలో ఉంది. ఈ తొందర విశ్వాసులకు మేలు చేయదని మేము తలుస్తున్నాము.

ఈ వ్యాసంలో ఆగస్టు 24 అనే ఒక్క తేదీని తీసుకొని, క్రీ.శ. 410, 1572, 1662 సంవత్సరాలలో ఆ రోజున జరిగిన మూడు సంఘటనలను పరిశీలిస్తాము. మూడింటిలోనూ దెబ్బ కొట్టినవారు, దెబ్బ తిన్నవారు క్రీస్తు నామం ధరించినవారే. తేదీకి తనంతట తానుగా ఏ అర్థమూ లేదు. కాని దానిని జ్ఞాపకం ఉంచుకొన్న మనుష్యులు ఆ జ్ఞాపకం చొప్పున నడుచుకొంటారు. కాబట్టి ఏ తేదీన ఏమి జరిగిందో తెలిస్తే చాలదు. దానిని ఎవరు, ఎందుకు జ్ఞాపకం ఉంచుకొన్నారో కూడా తెలియాలి. మా వాదన ఇదే.

2. తేదీకి పేరిచ్చిన అపొస్తలుడు

పాశ్చాత్య సంఘ పంచాంగంలో ఆగస్టు 24 అపొస్తలుడైన బర్తొలొమయి పండుగ. తూర్పు సంఘాలు ఆయనను జూన్ 11న స్మరిస్తాయి. అంటే పండుగ తేదీ కూడా సంఘాలు ఏర్పాటు చేసుకొన్నదే గాని లేఖనం నియమించినది కాదు. బర్తొలొమయి పేరు మనకు మరొక విధంగా దగ్గరిది. రెండవ శతాబ్దంలో అలెగ్జాండ్రియా పండితుడు పంటేనస్ ‘ఇండియా’కు వెళ్ళాడనీ, బర్తొలొమయి విడిచిపోయిన మత్తయి సువార్త హెబ్రీ అక్షరాలలో అక్కడ ఆయనకు కనబడిందనీ చరిత్రకారుడు యూసేబియస్ తన సంఘ చరిత్ర అయిదవ పుస్తకంలో వ్రాశాడు. ఆ ‘ఇండియా’ మన దేశమా, అరేబియా తీరమా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. గనుక ఈ కథనాన్ని సంప్రదాయంగా చెప్పవచ్చు గాని, రుజువైన సంగతిగా బోధించరాదు.

3. క్రీ.శ. 410: రోము కొల్లగొట్టబడుట

410 ఆగస్టు 24న అలారిక్ నాయకత్వంలో విసిగోతుల సేన సలేరియన్ ద్వారం గుండా రోము పట్టణంలో ప్రవేశించి, మూడు రోజులు కొల్లగొట్టింది. సుమారు ఎనిమిది వందల ఏళ్ళుగా ఏ విదేశీ సైన్యమూ రోమును పట్టుకొనలేదు. ఆ వార్త బేత్లెహేములో ఉన్న జెరోముకు చేరినప్పుడు, యెహెజ్కేలు గ్రంథంపై వ్యాఖ్యానం వ్రాయ మొదలుపెట్టిన ఆయన దుఃఖంతో పని సాగించలేకపోయాడు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. విసిగోతులు అన్యమతస్థులు కారు. ఏరియన్ శాఖకు చెందిన క్రైస్తవులు. పేతురు, పౌలు పేరిట ఉన్న ఆలయాలలో ఆశ్రయం పొందినవారిని వారు చంపలేదు. అయినా ‘పాత దేవతలను విడిచిపెట్టినందుకే రోముకు ఈ గతి పట్టింది’ అని రోములోని అన్యమతస్థులు నిందించారు. ఆ నిందకు జవాబుగా హిప్పో బిషప్పు అగస్టీన్ 413లో వ్రాయ మొదలుపెట్టి, సుమారు 426లో ముగించిన 22 పుస్తకాల మహాగ్రంథమే ‘దేవుని పట్టణం’.

ఈ గ్రంథానికి కారణమైన ప్రశ్న నేటికీ మన సంఘాలలో వినబడుతుంది. తుపాను వచ్చినా, రోగం ప్రబలినా ‘ఇది ఎవరి పాపం?’ అని అడుగుతాము. అగస్టీన్ ఈ లెక్కను అంగీకరించలేదు. ఉపద్రవం మంచివారికీ చెడ్డవారికీ ఒకేరీతిగా సంభవిస్తుందనీ, దానిని అనుభవించేవారు దానికెలా స్పందిస్తారన్నదే తేడా అనీ వాదించాడు. సిలోయము గోపురం కూలి పదునెనిమిదిమంది చనిపోయిన సంగతిపై మన ప్రభువు లూకా 13వ అధ్యాయంలో ఇచ్చిన జవాబు కూడా ఇదే దారిలో ఉంది. చనిపోయినవారి పాపాన్ని కొలవకుండా, వింటున్నవారిని మారుమనస్సుకు పిలిచాడు.

4. 1572: పారిసు వధ

పదహారవ శతాబ్దపు ఫ్రాన్సులో రోమన్ కాథలిక్కులకూ, హ్యూగెనోట్లు అని పిలువబడిన ప్రొటెస్టెంట్లకూ మధ్య అంతర్యుద్ధాలు నడిచాయి. సమాధానం కుదర్చడానికని 1572 ఆగస్టు 18న ప్రొటెస్టెంటు అయిన నవార్ రాజు హెన్రీకి, రాజు తొమ్మిదవ చార్లెస్ చెల్లెలు మార్గరెటుకు పారిసులో వివాహం చేశారు. ఆ పెండ్లికి హ్యూగెనోటు ప్రముఖులు అనేకులు వచ్చారు. ఆగస్టు 22న వారి నాయకుడైన అడ్మిరల్ కొలిగ్నిపై కాల్పులు జరిగాయి. ఆయన గాయంతో బ్రతికాడు. హ్యూగెనోట్లు ప్రతీకారం తీర్చుకొంటారన్న భయం రాజనగరులో వ్యాపించింది. రాజు, రాజమాత కాథరిన్ డి మెడిచి, వారి ఆలోచనకర్తలు నాయకులను చంపడానికి నిశ్చయించారు. ఆగస్టు 24 ఆదివారం తెల్లవారకముందే కొలిగ్నిని చంపారు. తరువాత నగర ప్రజలే వీధులలోపడి పొరుగువారిని స్త్రీలనక, పిల్లలనక చంపారు. పారిసులో చనిపోయినవారు రెండు మూడు వేలని చరిత్రకారులు సాధారణంగా అంచనా వేస్తారు. వధ ఇతర పట్టణాలకు ప్రాకి అక్టోబరు వరకు సాగింది.

రోములో పోపు పదమూడవ గ్రెగరీ కృతజ్ఞతా స్తుతి ఆరాధన జరిపించి, ఆ సంఘటన జ్ఞాపకార్థం పతకం పోయించాడు. చిత్రకారుడు వసారి చేత గోడచిత్రాలు వేయించాడు. కొందరు కాథలిక్ అధికారులు తమ పట్టణాలలో వధను జరగనియ్యలేదన్నది కూడా చరిత్రే.

ప్రొటెస్టెంట్లమైన మనం ఈ తేదీని హతసాక్షుల దినంగా చెప్పుకొంటే తప్పు లేదు. కాని దానికి ఐదేళ్ళ ముందు, 1567లో, మిఖాయేలు పండుగ వేళ, నీమ్ పట్టణంలో హ్యూగెనోట్లే కాథలిక్ గురువులను, గృహస్థులను పదులకొలదిగా చంపారు. ఆ వధకు ఆ పండుగ పేరే నిలిచింది. బర్తొలొమయి పండుగను జ్ఞాపకం ఉంచుకొని మిఖాయేలు పండుగను మరచిపోతే మన జ్ఞాపకం సగం మాత్రమే సత్యం.

5. 1662: ఇంగ్లండులో బోధకుల వెలివేత

ఇంగ్లండులో రాజు రెండవ చార్లెస్ 1660లో తిరిగి సింహాసనమెక్కిన తరువాత, 1662 మే 19న ఏకరూపతా చట్టం అమలుకు ఆమోదం పొందింది. ప్రతి బోధకుడూ సామాన్య ప్రార్థన పుస్తకంలోని సమస్తమునకు హృదయపూర్వకంగా సమ్మతించవలెను; బిషప్పు చేత అభిషేకం పొందనివారు దానిని పొందవలెను. గడువు బర్తొలొమయి పండుగ, అనగా ఆగస్టు 24. ఆ ఏడు కూడా అది ఆదివారమే. ఎందరో బోధకులు దానికి ముందటి ఆదివారం, ఆగస్టు 17న, తమ సంఘాలకు వీడ్కోలు ప్రసంగాలు చేశారు. 1660 నుండి 1662 వరకు స్థానాలు కోల్పోయినవారు సుమారు రెండు వేలమంది.

ఆ గడువులో ఒక ఆర్థిక దెబ్బ కూడా ఉంది. బోధకులకు రావలసిన దశమభాగాలు సెప్టెంబరు 29న, మిఖాయేలు పండుగనాడు, చేతికి వచ్చేవి. ఆగస్టు 24న వెళ్ళిపోయినవారికి ఏడాది సేవకు రాబడి లేకపోయింది. భార్యాపిల్లలతో మందిరపు ఇల్లు ఖాళీ చేయవలసిన సేవకుని స్థితి ఎట్టిదో పాఠకులైన కాపరులకు వేరుగా చెప్పనక్కరలేదు.

పారిసు వధను ఎగతాళిగా గుర్తుచేయడానికే ఈ గడువు పెట్టారని చెప్పడానికి ఆధారం లేదు. ఆ కాలపు చట్టాలలో పండుగ దినాలను గడువులుగా పెట్టడం మామూలే. కాని వెలివేయబడినవారు దానిని అలాగే చదివారు. వారి నోట అది ‘నల్ల బర్తొలొమయి’ అయింది. ప్రసిద్ధ బైబిలు వ్యాఖ్యాత మాథ్యూ హెన్రీ తండ్రి ఫిలిప్ హెన్రీ 1631 ఆగస్టు 24న పుట్టాడు. తాను పుట్టిన దినమే చట్టం దృష్టిలో తాను, తనవంటి సేవకులు చనిపోయిన దినమైనదని ఆయన తన దినచర్య పుస్తకంలో వ్రాసుకొన్నాడు. తేదీ మనుష్యుల మీద పనిచేసేది ఈ విధంగానే.

ఇక్కడ కూడా రెండవ వైపు చూడాలి. 1640 తరువాతి అంతర్యుద్ధ కాలంలో ప్యూరిటన్ల పార్లమెంటు ఆంగ్లికన్ బోధకులను రెండు వేలకు పైగా స్థానాలనుండి తొలగించింది. 1645లో సామాన్య ప్రార్థన పుస్తకాన్ని నిషేధించింది. నిన్న వెలివేసినవారు నేడు వెలివేయబడ్డారు.

6. పంచాంగం నేర్పే జాగ్రత్త

ఈ మూడూ నిజంగా ఒకే దినమా? మూడు తేదీలూ పాత జూలియన్ పంచాంగం ప్రకారం చెప్పినవి. నేటి లెక్కకు మార్చితే 410 నాటిది ఆగస్టు 25, మిగిలిన రెండూ సెప్టెంబరు 3 అవుతాయి. నేటి పంచాంగాన్ని 1582లో ప్రవేశపెట్టినవాడు, పారిసు వధకు స్తుతి ఆరాధన జరిపించిన ఆ పదమూడవ గ్రెగరీయే. ఆ ఏడు అక్టోబరు 4 తరువాత 15 వచ్చింది. ప్రొటెస్టెంటు దేశాలలో అనేకం దీనిని చాలాకాలం అంగీకరించలేదు. ఇంగ్లండు 1752లో మాత్రమే సెప్టెంబరు 2 తరువాత 14 అని లెక్కించింది. ఖగోళ లెక్క సరియైనదైనా, లెక్క చెప్పినవాని మీది అనుమానం సత్యాన్ని 170 ఏళ్ళు ఆపగలిగింది.

కాబట్టి తేదీలను ప్రసంగంలో వాడేముందు మూడు ప్రశ్నలు అడగడం మంచిది. ఇది ఏ పంచాంగం తేదీ? ఈ రోజును ఎవరైనా ఉద్దేశపూర్వకంగా ఎన్నుకొన్నారా, లేక తటస్థించిందా? దీనిని జ్ఞాపకం ఉంచుకొన్నవారు దానితో ఏమి చేశారు? ఈ మూడింటికి జవాబు లేకుండా ‘దేవుడే ఈ తేదీని ఏర్పరచాడు’ అనడం చరిత్ర కాదు, వేదాంతమూ కాదు. దినములను ఆచరించుటను గూర్చి గలతీయులను పౌలు హెచ్చరించిన మాట కూడా మనకు గుర్తుండాలి.

7. 1662 గాయం, మన దేశంలో మాన్పు

వెలివేయబడినవారి వారసులు 1689 సహన చట్టం తరువాత ప్రత్యేక సంఘాలుగా స్థిరపడ్డారు. ఆ స్వతంత్ర సంఘాల బలంతోనే 1795లో స్థాపించబడిన లండన్ మిషనరీ సొసైటీ ముఖ్యంగా నడిచింది. ఆ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజస్ 1805లో విశాఖపట్నం చేరి, సువార్తలను తెలుగులోనికి అనువదించ పూనుకొన్నారు. తరువాత కడప ప్రాంతంలో ఆ సొసైటీ సంఘాలు ఏర్పడ్డాయి. మరొక ప్రక్క ఆంగ్లికన్ మిషనరీల పరిచర్య వలన కృష్ణా తీరాన, దోర్నకల్లులో సంఘాలు ఏర్పడ్డాయి. ఈ విధంగా 1662లో విడిపోయిన రెండు పక్షాల వారసులూ తెలుగు గ్రామాలలో ఇరుగుపొరుగువారయ్యారు. తాము కలుగజేయని చీలికను తెలుగు విశ్వాసులు మోయవలసి వచ్చింది.

1919 మేలో తరంగంబాడిలో కూడుకొన్న సేవకులు ఈ భారాన్ని గుర్తించారు. వారిలో అత్యధికులు భారతీయులు. దోర్నకల్ బిషప్పు వి.యస్. అజరయ్య వారిలో ముఖ్యుడు. చర్చలు 28 ఏళ్ళు సాగాయి. చిక్కుముడి 1662 నాటిదే: బిషప్పు చేతినుండి అభిషేకం పొందని సేవకుడు సేవకుడేనా? 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రలులో ఆరంభమైన దక్షిణ ఇండియా సంఘం ఇచ్చిన జవాబు ఇది. ఇకముందు అభిషేకాలు బిషప్పుల చేత జరుగుతాయి. అయితే ఐక్యతలో చేరిన ఏ సేవకుడూ రెండవసారి అభిషేకం పొందనక్కరలేదు. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి విరోధమైన ఆరాధనా క్రమాన్ని గాని సేవకుణ్ణి గాని రుద్దబోమని వాగ్దానం కూడా చేశారు. ఏకరూపతా చట్టం ఏ రెండు షరతులతో బోధకులను వెలివేసిందో, ఆ రెండింటినీ ఈ సంఘం ప్రక్కన పెట్టింది. ఏకరూపత లేకుండా ఐక్యత సాధ్యమని చూపింది.

అజరయ్య ఆ దినాన్ని చూడలేదు. 1945 జనవరి 1న నిద్రించాడు. ఐక్యత సంపూర్ణమూ కాలేదు. బాప్టిస్టు, లూథరన్ సంఘాలు వెలుపల ఉన్నాయి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో అనేకులు 1947లో చేరలేదు. అయినను ఇంగ్లండు గాయానికి మందు మొదట ఇక్కడ పడినదన్నది మరువరాని సంగతి. ఇంగ్లండులో ఇరుపక్షాల వారసులు 1662ను తలచుకొని సమాధాన ఆరాధన జరిపింది 2012 ఫిబ్రవరిలో. పారిసు వధను గూర్చి పోపు రెండవ జాన్ పాల్ అదే నగరంలో, 1997 ఆగస్టు 23 రాత్రి, సువార్త ఖండించే పనులను క్రైస్తవులు చేశారని బహిరంగంగా ఒప్పుకొన్నాడు.

8. ముగింపు

ఆగస్టు 24ను ఒకడు శాపదినమని చెప్పవచ్చు. మరొకడు తన పక్షపు హతసాక్షుల దినంగా మాత్రమే చెప్పవచ్చు. మొదటిది మూఢనమ్మకం, రెండవది పగను పెంచే జ్ఞాపకం. మూడవ మార్గం ఒకటుంది. మనవారు పొందిన దెబ్బలను, మనవారు కొట్టిన దెబ్బలను ఒకే పుటలో వ్రాసుకొని, వాటిని దేవుని యెదుట చదవడం. గ్రామంలో ఒకే వీధిలో రెండు మందిరాలు, ఒకరి బల్లకు మరొకరు రాని సంఘాలు మన మధ్య ఇంకా ఉన్నాయి. ఆ చీలికలలో కొన్నిటికి ఏదో ఒక తేదీ, ఏదో ఒక అవమానం మూలంగా ఉంటుంది. ఆ తేదీన ఎదుటి సంఘంవారికి ఏమి జరిగిందో మన సంఘ చరిత్రలో వ్రాసి ఉన్నదా? లేనియెడల ఆ పుటను పూర్తిచేసే పని ఆ సంఘపు కాపరిదే.