పాతయింటికి క్రొత్త యజమాని

కోటలను గూర్చియు గుళ్లను గూర్చియు మన చరిత్రకారులు వ్రాసినంతగా ఇండ్లను గూర్చి వ్రాయలేదు. శాసనము వేయించిన రాజు పేరు మనకు తెలియును. ఆ శాసనమును చెక్కిన శిల్పి ఎట్టి యింట కాపురముండెనో తెలియదు. గుడి నిలిచినది, ఆ గుడిని కట్టినవారి ఇండ్లు నిలువలేదు. ఇందుకు కారణము ఇండ్లు బలహీనముగా కట్టుకొనుట మాత్రమే కాదు. గుడికి మాన్యములుండెను, కోటకు దండుండెను. ఇంటికి మాత్రము ఇంటివాడు తప్ప వేఱు దిక్కు లేదు. ఆ యింటివాడు మారినపుడు ఇంటిగతి యేమగును? పాతయింటిని కొనువాడు నిజముగా కొనుచున్నదేమి? శ్రోతలతో నేడు ముచ్చటింపదలచిన విషయమిది.

కలకడ ప్రాంతమునే మొదట తీసికొందము. 1911 ఏప్రిల్ నెలలో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు వాయల్పాడు, మదనపల్లె తాలూకాలు కడప జిల్లాలో చేరియుండెను. ఆనాటి పద్ధతిని కట్టిన ఇండ్లు ఈ సీమ పాతవీథులలో నేటికిని అక్కడక్కడ కానవచ్చును. మట్టి అడుసుతో పేర్చిన వెడల్పైన రాతిగోడలు, వీథివైపు అరుగులు, చెక్కడపు పని గల ద్వారబంధము, లోపల పడసాల, కలవారి యింటనైతే నడుమ ఆకాశము కనబడు తొట్టికట్టు, ఇవి దాని లక్షణములు. కొండరాయి, చెరువుమన్ను, చేనిగట్టున పెరిగిన చెట్టు, వీనితోనే ఇల్లు లేచెను. కావలసిన సామగ్రి చాలవరకు ఊరి పొలిమేరలలోనే దొరకెడిది. అందువలన కట్టుట యెంత సులభమో, బాగుచేసికొనుటయు అంత సులభముగా నుండెను.

అట్టి యింటికి ప్రాణము మిద్దెలో కలదు. గోడలపై దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై కట్టెపుల్లలనో బండపలకలనో పరచి, వానిపై మట్టిని త్రొక్కి, అన్నిటికంటె పైని చవుడుమన్ను కప్పుదురు. చవుడు తడిసినపుడు దాని సన్నని రేణువులు విడివడి సందులలో ఒత్తుగా సర్దుకొని, నీటిని లోనికి దిగనీయవు. పైరు పండదని రైతు నిందించు ఆ మన్నే ఇంటికి గొడుగైనది. కాని వానకు కొంత చవుడు కొట్టుకొనిపోవును. ఎండకు కొంత నెఱ్ఱెలు విచ్చును. కనుక ఏటేట వానకాలమునకు ముందు ఇంటివారు మిద్దె యెక్కి, మొలచిన గడ్డిని పెరికి, క్రొత్త చవుడు పోసి, నీరుపోవు తూములను శుభ్రము చేసికొనుచుండిరి. ఇది ఏ శాస్త్రమునను వ్రాసిన విధి కాదు. అయినను దీనిని మానినవాని యిల్లు కొలది వానకాలములకే ఉరియసాగెడిది. నూరేండ్లు నిలిచిన మిద్దె యనగా నూరుమారులు చవుడు పోసిన మిద్దె యని అర్థము.

కలవారి కట్టడములలో మట్టికి బదులు గానుగసున్నము వాడిరి. కలకడవారికి దగ్గరలోనే గుర్రంకొండ కోటక్రింద రంగినీ మహలు నిలిచియున్నది. అట్టి కట్టడములను చూచినపుడు సున్నము పనితనమును గూర్చి ఆలోచింపవలెను. సున్నపురాయిని కాల్చి, నీటితో విరియించి, ఇసుకతో కలిపి, ఎద్దులు త్రిప్పు రాతిచక్రము క్రింద మెత్తగా నూరుదురు. పలుచోట్ల బెల్లపునీరు, కరక్కాయ నానబెట్టిన నీరు అందు చేర్చుదురు. గోడకు పట్టించిన తరువాత ఆ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని మరల రాయియగును. ఇట్లు గట్టిపడినను అది గోడలోని చెమ్మను బయటికి పోనిచ్చును. పాతకట్టడము పొడిగా ఉండుటకు ఈ గుణమొక కారణము.

ఇక పాత ఇండ్లు నిలిచిన విధములను పరిశీలింతము. మొదటిది కీర్తివలన నిలుచుట. మదనపల్లెలో 1895వ సంవత్సరమున జిడ్డు కృష్ణమూర్తి జన్మించెను. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అది ఆ కాలపు సామాన్యగృహస్థుని యిల్లే. ఆ బిడ్డడు లోకప్రసిద్ధుడు కాకున్నచో దానిని స్మారకముగా ఎవరును తలపోసియుండరు. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారి యింటిని, విజయనగరమున గురజాడ అప్పారావుగారి యింటిని స్మారకములుగా కాపాడిరి. ఇది మెచ్చదగిన పని. కాని ఒక్కొక్క ఊరికి ఇట్టి ఇండ్లు ఎన్ని యుండును? ఆ యింటి ప్రక్కయిల్లు కూడ అంతే పాతది, అదే పనివాని చేతిమీద లేచినది కావచ్చును. మహాపురుషుడు పుట్టలేదను ఒక్క లోపమువలన దానికి రక్షణ లేకపోయెను.

రెండవది చట్టమువలన నిలుచుట. 1904లో కర్జను ప్రభువు కాలమున ప్రాచీన కట్టడముల సంరక్షణకు చట్టము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1958లో కేంద్రప్రభుత్వము, 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తమతమ చట్టములు చేసెను. వీని దృష్టి ముఖ్యముగా గుళ్లు, కోటలు, సమాధులు, శిథిలములమీద నుండెను. మనుష్యులు కాపురమున్న ఇంటిని కాపాడుట వేఱొక చిక్కు. గుడిచుట్టు కంచె వేయవచ్చును గాని, వంట జరుగుచున్న యింటిచుట్టు కంచె వేయుటెట్లు?

మూడవది క్రొత్త యజమాని చేతిలో పడి నిలుచుట. దీనికి మన తెలుగునాట మిక్కిలి స్పష్టమైన ఉదాహరణములు హైదరాబాదు పాతనగరమున దొరకును. 1884లో పైగా వంశీయుడగు నవాబు వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమా భవనమునకు శంకుస్థాపన చేసెను. కట్టడపు వ్యయము ఆయన శక్తిని మించినది. ఆ శతాబ్ది ముగియకముందే అది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వశమైనది. అనగా అంతటి సౌధమును కట్టించినవాడు దానిని నిలుపుకొనలేకపోయెను. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు అందు విడిది చేసిరి. అటుపిమ్మట అది చాలకాలము వాడుక లేక మూతబడియుండెను. తుదకు తాజ్ హోటళ్లవారు దానిని కౌలునకు తీసికొని, దాదాపు పదేండ్లు మరమ్మతులు చేయించి, 2010 నవంబరులో అతిథులకు తెరచిరి.

చౌమహల్లా కథ ఇంకొక తీరు. అసఫ్‌జాహీల ఆ నివాసమును యువరాణి ఎస్రా పూనికతో, వాస్తుశిల్పి రాహుల్ మెహరోత్రా పర్యవేక్షణలో బాగుచేసి 2005లో ప్రజలకు తెరచిరి. 2010లో యునెస్కోవారు ఆ పనిని మెచ్చి పురస్కారమిచ్చిరి. కాని చార్మినారునకు దగ్గరలోనే, తరతరములు నిజాము ప్రభుత్వపు దస్తావేజులను కాపాడిన మాల్వాలా వంశమువారి దేవిడీ, చెక్కస్తంభముల పనితనమునకు పేరుపొందినది, 2000వ సంవత్సరమున కూల్చబడినది. రెండును ఒకే నగరములోనివి, ఒకే కాలమున ఒకటి లేచినది, ఒకటి కూలినది. వాని గోడల బలములో భేదము కాదు ఇందుకు కారణము. వానిని చేతబట్టినవారి ఉద్దేశములలోని భేదము.

చట్టము ఈ ఉద్దేశమును కొంతవరకు మలపగలదు. 1995లో హైదరాబాదు నగరాభివృద్ధి నిబంధనలలో వారసత్వ కట్టడముల పట్టికతో కూడిన పదమూడవ నిబంధనను చేర్చిరి. ప్రైవేటు ఇండ్లకును అది వర్తించెను. 2015లో ఆ నిబంధనను తొలగించిరి. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చినది. 2019లో ఫక్రుల్ ముల్కు కట్టించిన ఎఱ్ఱమంజిలును కూల్చి ఆ స్థలమున శాసనసభాభవనము కట్టదలచినపుడు, ఆ నిర్ణయమును హైకోర్టు అదే యేడు సెప్టెంబరులో కొట్టివేసెను. కూల్చుటను న్యాయస్థానము ఆపగలదు. కాని పైకప్పుమీద మొలచిన రావిమొక్కను పెరుకుటకు న్యాయస్థానము రాలేదు గదా!

నవాబుల సౌధముల కథ విని, ఇది మనకేల యని కలకడలోనో పుంగనూరులోనో ఉన్న శ్రోతలు అనుకొనరాదు. మన వీథిలోని మిద్దెయింటి చిక్కు వేఱొకటి కాదు. కొలత మాత్రమే చిన్నది. తాత కట్టించిన యిల్లు నలుగురు కొడుకులకు వచ్చును. పడసాల నడుమ గోడ లేచును. ఒకరు మదరాసునకు, ఒకరు బెంగుళూరునకు ఉద్యోగమునకు పోవుదురు. తాళము వేసిన భాగముపై చవుడు పోయువారుండరు. ఆ భాగమున దిగిన నీరు కాపురమున్నవారి గోడను కూడ తడిపి పడగొట్టును. పిదప ద్వారబంధమొకరికి, స్తంభములొకరికి, కాళీస్థల మొకరికి అమ్ముడుపోవును. ఇల్లు ఒక్కదినమున కూలినట్లు కనబడునే గాని, మిద్దె యెక్కుట మానిన నాడే అది కూలుటకు మొదలిడినది.

అట్టి యింటిని కొనదలచినవారు మొదట పత్రములను చూడవలెను. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకును కుమారులతో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985లోనే అమలునకు తెచ్చెను. నాటికే పెండ్లియైన కుమార్తెలకు ఆ సవరణ వర్తింపలేదు. 2005లో కేంద్రము చేసిన సవరణలో ఆ భేదము లేదు. కావున అన్నదమ్ముల సంతకములతో సరిపెట్టుకొనక, అక్కచెల్లెండ్ర సమ్మతి కూడ పొందుట న్యాయమును, క్షేమమును. వారి బాల్యము కూడ ఆ యింటనే గడచినది.

తరువాతి ప్రశ్న బాగుచేయుట. ఇక్కడనే మంచి మనసుతో చేసిన కీడు ఎక్కువగా కనబడును. 1824లో ఇంగ్లాండున జోసెఫ్ ఆస్పిడిన్ అనునతడు పోర్ట్‌లాండు సిమెంటునకు హక్కుపత్రము పొందెను. క్రొత్త కట్టడములకు సిమెంటు చేసిన మేలు గొప్పది. కాని మట్టితో పేర్చిన రాతిగోడకు సిమెంటు పూత పూసినచో, నేలనుండి ప్రాకిన చెమ్మ బయటికి పోవు దారి లేక లోపలనే నిలుచును. కొన్నాళ్లకు ఉప్పు పొంగి పూత పెచ్చులూడును. అది చూచి యజమాని మరింత గట్టి పూత పూయించును. చెమ్మ మరింత పైకెక్కును. అట్లే మట్టిమిద్దెపై కాంక్రీటు పోయించినచో దూలములు మోయలేని బరువు పడును. సన్నని పగుళ్లలో దిగిన నీరు ఆరక దంతెలు లోలోపల చివుకును. పైకి మెఱయుచున్న ఇల్లు లోపల పుచ్చిపోవుట ఇట్లు జరుగును.

కావున ముందు నీటిని చూడుడు. కొన్న ఏడాదిలో ఏమియు కూల్చక, ఒక వానకాలమంతయు ఇంటిని గమనించుట ఉత్తమము. నీరెక్కడ దిగుచున్నది, ఏ గోడ తడియుచున్నది, ఏ తూము పూడినది, ఏ దూలమునకు చెదపట్టినది, ఇల్లే చెప్పును. తరువాత మిద్దెను, తూములను, గోడచుట్టు నేలవాలును సరిచేయవలెను. గోడలకు మట్టిపూతగాని సున్నపుపూతగాని వేయవలెను. పుచ్చిన దూలమును మాత్రము మార్చి, గట్టివానిని ఉండనీయవలెను. స్నానపుగది, కుళాయిలు మొదలగు తడిపనులను పాతగోడలకు అంటక పెరటివైపు ప్రత్యేకముగా కట్టుకొనవచ్చును. విద్యుత్తు, మరుగుదొడ్డి, వంటగదికి మంచి వెలుతురు, ఇవన్నియు నేటి సంసారమునకు అవసరములే. వానిని కాదనిన ఇంట ఎవరును ఉండరు, ఎవరును లేని యిల్లు నిలువదు.

ఈ పనులు చేయుటకు చవుడు పోయుట యెఱిగిన వృద్ధులు, సున్నము నూరుట యెఱిగిన బేల్దారులు కావలెను. ఆ విద్య పుస్తకములలోకంటె చేతులలో ఎక్కువగా కలదు. ఒక్క ఊరిలో నాలుగు పాతయిండ్లు బాగుపడినచో ఒక పనివానికి జీవనము దొరకును. అతని కొడుకునకు ఆ విద్య నేర్వవలెనను కోరిక కలుగును. నాలుగు ఇండ్లును కూలినచో, అయిదవ యింటివాడు ఎంత ధనమిచ్చినను దానిని నిలుపగల చేయి దొరకదు. ఒక గృహస్థుని నిర్ణయము ఊరందరి విషయమగుట ఇందువలననే.

పాతయింటిని కొనువాడు గోడలను, దూలములను, నాలుగు సెంట్ల నేలను మాత్రమే కొనుటలేదు. మునుపటి యజమానులు ఏటేట చేసిన పనిలో తన వంతును కూడ కొనుచున్నాడు. ఆ వంతునకు పత్రము లేదు, రిజిస్ట్రీ లేదు. తొలకరికి ముందు నిచ్చెన వేసికొని మిద్దె యెక్కుటయే దానికి గుర్తు. సొంతముగా పాతమిద్దె గల శ్రోతలు ఈ యేటి వానలు రాకమునుపే ఒకసారి పైకెక్కి తూములను చూచికొందురుగాక.