ఊపిరితిత్తుల శిలీంధ్ర వ్యాధులు: చిట్టెలుకలపై ఔషధ పరీక్షల చరిత్ర

ఊపిరితిత్తులలో పాతుకొనే శిలీంధ్రాలను, అంటే వాడుకలో బూజు అని పిలిచే జీవులను, అణచే ఔషధాలను మనుషులకు ఇవ్వకముందు చిట్టెలుకలలో అదే వ్యాధిని కల్పించి పరీక్షించే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం నడుమ రూపుదిద్దుకొంది. ఈ వ్యాధులకు ముఖ్య కారకాలు ఆస్పర్‌జిల్లస్ జాతులు, రైజోపస్ వంటి మ్యూకార్ వర్గ శిలీంధ్రాలు. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాలలో విస్తారంగా పండే పల్లికాయ సరిగా ఎండకపోతే దానిపై పెరిగి, అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టించే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ కూడా వీటిలో ఒకటి. గాలిలో తేలే వీటి సిద్ధబీజాలను, అంటే విత్తనాల వంటి సూక్ష్మకణాలను, మనుషులందరూ రోజూ పీలుస్తూనే ఉన్నా, ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులలోని భక్షక కణాలు వాటిని మింగివేస్తాయి కనుక జబ్బు చేయదు.

పరిశోధకులకు మొదట ఎదురైన చిక్కు ఇదే: ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకకూ జబ్బు చేయదు. 1959లో సిడ్రాన్‌స్కీ, ఫ్రీడ్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు చిట్టెలుకలకు కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి, ఆపైన సిద్ధబీజాలు సోకితే ఊపిరితిత్తుల వ్యాధి ముదురుతుందని చూపారు. మధుమేహం కల్పించిన చిట్టెలుకలకు రైజోపస్ సులభంగా సోకుతుందని 1984లో మరో బృందం వెల్లడించింది. ఔషధాన్ని పరీక్షించాలంటే ముందుగా రోగి బలహీనతనే జంతువులో పునఃసృష్టించాలన్న ఈ గ్రహింపే ఈ చరిత్రలో అసలు మలుపు.

నేటి పరీక్షలో సుమారు 20 నుంచి 25 గ్రాముల బరువున్న చిట్టెలుకకు సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందును స్టెరాయిడ్‌తో కలిపి ఇచ్చి, తెల్లరక్త కణాలు పడిపోయాక, మత్తులో ఉంచి ముక్కులో సిద్ధబీజాల ద్రవాన్ని చుక్కలుగా వేస్తారు, లేదా తుంపరలు నిండిన పెట్టెలో ఉంచి పీల్పిస్తారు. సాధారణంగా మరునాటి నుంచి మందు మొదలుపెట్టి, మందు అందిన గుంపులోనూ అందని గుంపులోనూ ఎన్ని బతికాయో మూడు వారాల వరకు లెక్కిస్తారు. ఊపిరితిత్తిని నూరి పోషక పలకలపై పరచి, మొలిచిన శిలీంధ్ర సమూహాలను లెక్కపెట్టడం పాత పద్ధతి. అయితే పోగులుగా పెరిగే ఆస్పర్‌జిల్లస్ నూరినప్పుడు ఎన్ని తునకలైతే అన్ని సమూహాలుగా మొలుస్తుంది కాబట్టి ఈ లెక్క తప్పుదోవ పట్టిస్తుంది. అందువల్ల శిలీంధ్ర డీఎన్‌ఏను కొలిచే పీసీఆర్ పద్ధతి దానికి తోడైంది.

వెనిజులాలోని ఒరినోకో నదీ ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి స్క్విబ్ సంస్థ వెలికితీసిన యాంఫోటెరిసిన్-బి 1950ల చివర వాడుకలోకి వచ్చింది. శిలీంధ్రంతోపాటు రోగి మూత్రపిండాలనూ దెబ్బతీసే ఈ మందును లిపోజోములు అనే కొవ్వు బుడగలలో పొదిగితే ఆ విషప్రభావం తగ్గుతుందని 1980ల తొలి ఏళ్లలో చిట్టెలుకలపై జరిగిన ప్రయోగాలు తేల్చగా, 1997లో లిపోజోమల్ రూపానికి అమెరికాలో అనుమతి లభించింది. చిట్టెలుక సాక్ష్యానికి హద్దులూ ఉన్నాయి. వోరికొనజోల్ అనే మరో శిలీంధ్రనాశక మందును చిట్టెలుక కాలేయం వెనువెంటనే విచ్ఛిన్నం చేయడంతో రక్తంలో మందు నిలవక, ఆ వేగాన్ని తగ్గించడానికి పరిశోధకులు నీటికి బదులు పంపరపనసకు దగ్గరి చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్ రసం తాగించవలసి వచ్చింది. ఆ మందు గొప్పతనం చివరకు 2002లో వెలువడిన మానవ పరీక్షలోనే రుజువైంది.

తెలుగు నేలపై ఈ రంగానికి ఆధారం హైదరాబాద్. 1957లో బొంబాయిలో మొదలైన ప్రయోగశాల జంతువుల కేంద్రం 1976లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు తరలివచ్చి, దేశంలోని పరిశోధన సంస్థలకు చిట్టెలుకలను అందించింది. 2021లో కోవిడ్ రెండో విడతలో బ్లాక్ ఫంగస్ అనే మ్యూకార్ వర్గ శిలీంధ్ర వ్యాధి ప్రబలినప్పుడు, అది ఊపిరితిత్తులకన్నా ఎక్కువగా ముక్కు, కన్ను, దవడలకు సోకినప్పటికీ, దానికి దారితీసినవి స్టెరాయిడ్లు, అదుపులో లేని మధుమేహం. చిట్టెలుకలు ఎన్నడో చూపిన రెండు పరిస్థితులే అవి. హైదరాబాద్‌లోని కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఈ వ్యాధి చికిత్సకు రాష్ట్రానికి నోడల్ కేంద్రమైంది. 60 కిలోల రోగికి కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున లిపోజోమల్ మందు ఇవ్వాలంటే రోజుకు 50 మిల్లీగ్రాముల సీసాలు ఆరు కావాలి గనుక కొరత తీవ్రమైంది. ఆ ఏడాది మే నెలలోనే ఐఐటీ హైదరాబాద్ ఆచార్యులు సప్తర్షి మజుందార్, చంద్రశేఖర్ శర్మ, కాలా అజార్ జ్వరం కోసం రూపొందించిన 60 మిల్లీగ్రాముల యాంఫోటెరిసిన్ నానోఫైబర్ మాత్ర సాంకేతికతను బ్లాక్ ఫంగస్ చికిత్సకై ఇవ్వజూపారు.

భారతదేశంలో ఇటువంటి ప్రయోగాలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి, దాని కింద ఏర్పడిన పర్యవేక్షక సంఘానికి లోబడి జరగాలి. 2023లో కొత్త మందుల నిబంధనలను సవరించి, జంతువులు అవసరంలేని పద్ధతులకూ చోటు కల్పించారు. అయినా శ్వాస, రక్తప్రసరణ, రోగనిరోధక శక్తి కలిసి పనిచేసే సజీవ శరీరానికి పూర్తి ప్రత్యామ్నాయం దొరకలేదు కనుక, ఊపిరితిత్తుల శిలీంధ్ర వ్యాధుల మందుల విషయంలో చిట్టెలుక పరీక్ష నేటికీ కొనసాగుతున్నది.