పరాసుల మాట, మన అరసున్న

మా అమ్మాయి ఇంటర్లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకుంది. తెలుగు తీసుకోవే అని బతిమాలాను. "మార్కులు రావమ్మా" అంది. బి.ఏ. తెలుగు చదివిన తల్లిని, మనసు చివుక్కుమనదా? నాలుగు రోజులు ముభావంగా తిరిగాను. ఆఖరికి ఆ పుస్తకంలో మాటలెలా పలకాలో తెలీక అది తల పట్టుకుంటే, ఫోన్లో పాఠాలు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. అది పుస్తకం ముందు, నేను వంకాయల ముందు.

మా బొబ్బిలి వైపు పుట్టినవాళ్లు మొదట వినే ఫ్రెంచి పేరు బుస్సీ. ఫ్రెంచివాళ్లని పాత తెలుగులో పరాసులు అనేవారు. వాళ్లు తమని 'ఫ్రాఁసే' అనుకుంటారట. మన పరాసే దానికి దగ్గరగా లేదూ? ఇక బుస్సీలో మొదటి అచ్చు మన ఉ కాదు. ఊ అన్నట్టు పెదవులు ముందుకు చుట్టి, నోటి లోపల ఈ అనాలి. నా అవస్థ చూసి మా అత్తమ్మ "ఏటమ్మా, పొయ్యి ఊదుతున్నావేటి?" అన్నారు.

నవ్వుకున్నాం గానీ, ఆ పేరుతో నవ్వులు ఎక్కువసేపు నిలవవు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ల కిచ్చాడు. ఆ శిస్తుల కోసమే బుస్సీ ఇటు వచ్చాడు. విజయనగరం పూసపాటి విజయరామరాజు అతని పక్షం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. బుస్సీ మాటకీ మనవాళ్ల మాటకీ మధ్య ఉన్నవాళ్లు దుబాసీలు, దివానులు. మా వైపు కథ చెప్పేవాళ్లు తప్పంతా దివాను హైదర్ జంగ్ నెత్తినే వేస్తారు. నిజమెంతో గానీ, కోటలోని ఆడవాళ్లనీ పిల్లలనీ శత్రువుల చేత పడకూడదని సొంతవాళ్లే చంపేశారన్నది మాత్రం చరిత్ర. గోడ బయట ఏ భాషలో ఏం బేరాలు సాగుతున్నాయో ఆ తల్లులకి ఎవరైనా చెప్పారా అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజుని డేరాలోనే చంపడం మీకు తెలిసిందే. ఆయన తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్ల వైపు తిరిగాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కల్నల్ ఫోర్డ్ చేతిలో ఓడిన ఫ్రెంచి సేనాని పేరు మన పుస్తకాల్లో 'కాన్‌ఫ్లాన్స్'. ఫ్రెంచిలో చివరి స పలకదు, న్ విడిగా వినపడదు, ముందు అచ్చు ముక్కులోంచి వస్తుంది. కోఁఫ్లాఁ.

అది వినగానే చేతిలో కత్తిపీట ముందు నుంచి లేచాను. ఇది మన అరసున్న కదే! తోఁట, వాఁడు, మూఁడు. మనం పలకడం ఎప్పుడో మానేసి, రాయడం కూడా వదిలేసిన అరసున్న. పరీక్షలో మార్కుల కోసం పెట్టానే గానీ, అది చెవికెలా ఉంటుందో నలభై దాటాక ఒక ఫ్రెంచి దొర పేరులో విన్నాను.

హైదరాబాదు మూసారాంబాగ్ కూడా ఇలాంటిదే. నిజాం కొలువులో ఉండి 1798లో చనిపోయిన రేమోఁ దొర పేరది. ఫ్రెంచిలో అయ్యగారిని 'మెస్యూ' అంటారు. రాతలో ఉన్న న, ర రెండూ నోట్లో ఉండవు. జనం దాన్ని మూసా చేశారు, రేమోఁని రాము చేశారు. పుస్తకం చూసి కాదు, విని పెట్టుకున్న పేరు.

సంధులూ ఉన్నాయండోయ్. 'లే' అంటే బహువచనపు గుర్తు, 'అమీ' అంటే స్నేహితులు. 'లే' రాతలో చివర స ఉంది, పలకదు. పక్కన అచ్చొస్తే మాత్రం మన 'జాము'లో జ లాగా లేచి కూర్చుంటుంది: లేజమీ. "ఇది మన ద్రుతం లాంటిదే, ఉంటుంది, పోతుంది, అవసరమైతే వస్తుంది" అన్నాను. "ద్రుతం అంటే ఏంటమ్మా?" అంది అమ్మాయి. కూర ఆ పూట ఆలస్యమైంది.

ఇప్పుడు దాని ఫ్రెంచి పుస్తకం అంచుల నిండా పెన్సిలుతో తెలుగు అక్షరాలే, అరసున్నలతో సహా.