పాఠశాల లేని నటశిక్షణ: విజయనగరం, శ్రీకాకుళం ప్రాంత రంగస్థల చరిత్ర – ఒక పరిశీలన

సంగీత నాటక అకాడమీ 1959లో దిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాను నెలకొల్పింది. 1962 నుంచి 1977 వరకు ఇబ్రహీం అల్కాజీ సంచాలకత్వంలో వాచికం, ఆంగికం, రంగాలంకరణ, దీపనం క్రమబద్ధమైన పాఠ్యాంశాలయ్యాయి. 1964లో నటబృందం ఏర్పడింది. 1975లో ఆ సంస్థ స్వయంప్రతిపత్తి పొందింది. ఇది స్థాపితం కావడానికి 67 ఏళ్ల ముందే, 1892లో, విజయనగరంలో గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ ప్రదర్శితమైంది. నటశిక్షణాలయమే లేని కాలంలో అటువంటి నాటకాన్ని ధరించగల నటులు ఎలా తయారయ్యారన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

పూర్వరంగం

ఉత్తరాంధ్రలో నటశిక్షణకు తొలి ఆధారం తూర్పు భాగవతం. సత్యభామ పాత్రధారికి పాట, ఆట, మాట వేర్వేరు విద్యలు కావు. మూడూ గురువు ఎదుట ఏకకాలంలో అలవడేవే. ఇక్కడ గ్రంథం కంటే ధారణ, సూత్రం కంటే అనుకరణ ప్రధానం. ఇది శిక్షణే. అయితే మేళం హద్దు దాటనిది.

రెండో ఆధారం రాజాస్థానం. ఆనంద గజపతి ఆదరణలో జగన్నాథ విలాసినీ సభ సంస్కృత నాటకాలను ప్రదర్శించింది. ఆ ప్రదర్శనలకు ఉచ్చారణ శుద్ధి, శ్లోకపఠన నైపుణ్యం ముఖ్యం. ‘కన్యాశుల్కం’ను రంగమెక్కించినదీ ఆ సభే.

నాటకమే పాఠ్యప్రణాళిక

తెలుగు భాష రంగస్థలానికి పనికిరాదన్న అభిప్రాయాన్ని ఖండించడం కూడా తన ఉద్దేశమని గురజాడ 1897 ముద్రణకు రాసిన ఆంగ్ల పీఠికలో పేర్కొన్నాడు. ఈ ప్రకటన భాషావాదానికే కాదు, నటవిద్యకూ సంబంధించినది. గిరీశం ఇంగ్లీషు కలిసిన మాట, అగ్నిహోత్రావధానుల కోపం, మధురవాణి చమత్కారం ఒకే కంఠస్వరంతో పలికేవి కావు. పద్యం రాగం మీద నిలుస్తుంది. ఈ సంభాషణ ఊపిరి మీద, విరుపు మీద నిలుస్తుంది. కనుక నటుడు వీధిలో, కచేరీలో, అగ్రహారంలో మనుషుల మాట వినడం నేర్వవలసి వచ్చింది. 1909లో విస్తృతమైన రెండో కూర్పు ఈ పరీక్షను మరింత కఠినం చేసింది.

సంగీతానికి కళాశాల, నటనకు సమాజం

1919లో విజయరామ గజపతి విజయనగరంలో సంగీత కళాశాలను స్థాపించగా, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడయ్యాడు. గజ్జె కట్టి, పాడి, ఆడి, ఒక్కడే అనేక పాత్రలను కళ్లకు కట్టించే హరికథకు పితామహుడాయన. అయినా కళాశాల సంగీతానిదే గాని నటనది కాదు. గాత్ర, వాద్య విద్యలకు గురువు, తరగతి, పరీక్ష సమకూరాయి. నటనకు సాయంకాలపు రిహార్సళ్లే మిగిలాయి.

ఆ రిహార్సళ్ల ఫలితానికి ప్రబల నిదర్శనం జొన్నలగడ్డ సోదరులు. శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టిన జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి 1953లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ ప్రదర్శన చేపట్టారు. రామప్ప పంతులుగా సోమయాజులు, గిరీశంగా రమణమూర్తి ప్రసిద్ధులయ్యారు. సోమయాజులు రెవెన్యూ ఉద్యోగి. నటన ఆయనకు వృత్తి కాదు, వ్యసంగం. 1980లో ‘శంకరాభరణం’ చిత్రంలో ఆయన చూపిన వాచిక నిగ్రహం వెనుక ఈ రంగస్థల సాధన ఉంది.

ముగింపు

ఒకే నాటకాన్ని తరతరాలుగా ఆడడం ద్వారా ఈ ప్రాంతం పాఠశాల లేని కొరతను కొంత పూరించుకుంది. ఇది బలం, బలహీనత కూడా. శిక్షణాలయంలో గురువు మారినా పాఠ్యక్రమం నిలుస్తుంది. సమాజ నాటకంలో నటుడితోనే అతని విద్య అంతరిస్తుంది. ‘కన్యాశుల్కం’ పాఠాంతరాలపై జరిగిన కృషితో పోలిస్తే దాని నటనాంతరాలపై జరిగినది స్వల్పం. ఏ మాట దగ్గర నటుడు ఆగాడో, ఏ సన్నివేశాన్ని కుదించాడో ముద్రిత ప్రతి చెప్పదు. ప్రదర్శన ప్రతులను, ధ్వనిముద్రణలను, సహనటుల జ్ఞాపకాలను సాహిత్య చరిత్రకు ఆధారాలుగా స్వీకరించినప్పుడే గురజాడ పీఠికలోని వాదానికి రంగస్థలం ఇచ్చిన సమాధానం సంపూర్ణంగా తెలుస్తుంది.