ఐఆర్‌ఎఫ్-3ని పట్టిచ్చే రెండు చుక్కలు

2020 ఏప్రిల్‌లో బెంగళూరు బొమ్మనహళ్ళి పక్కనున్న హొంగసంద్రలో, వలస కూలీలు ఇరుకు గదుల్లో సర్దుకుని బతికే వీధుల్లో కరోనా బయటపడింది. ఆ ఏడాది ఊరూరా అందరినీ తొలిచిన ప్రశ్న ఒకటే. ఒకే గదిలో ఉన్నవాళ్ళలో ఒకరికి దగ్గు కూడా రాదు, ఇంకొకరు వెంటిలేటర్ దాకా వెళతారు. ఎందుకని? జవాబులో కొంత భాగం ఆ అక్టోబరు 'సైన్స్' పత్రికలో దొరికింది. ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మందిని పరీక్షిస్తే, 101 మంది రక్తంలో, వైరస్‌ను అడ్డుకునే తమ సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు కనిపించాయి. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్ళే. దాంతోపాటే వచ్చిన మరో పరిశోధన, కొందరికి ఇంటర్‌ఫెరాన్‌ను పుట్టించే దారిలోని జన్యువుల్లోనే లోపాలున్నాయని చూపింది.

ఇంటర్‌ఫెరాన్ సంగతి 1957లోనే లోకానికి తెలిసింది. లండన్ మిల్‌హిల్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ కోడిగుడ్డులోని పొరను చచ్చిన ఫ్లూ వైరస్‌తో కలిపి ఉంచితే, ఆ పొర నుంచి ఊరిన పదార్థమేదో కొత్త వైరస్‌ను పెరగనివ్వలేదు. అంతకు మూడేళ్ళ ముందే జపాన్‌లో నగానో, కొజిమా ఇలాంటిదే గమనించారు. వైరస్ వచ్చిందని కణానికి తెలిశాక ఇంటర్‌ఫెరాన్ జన్యువును ఎవరు లేపుతారన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. 1988లో ఒసాకాలో తనిగుచి బృందం ఐఆర్‌ఎఫ్-1 అనే ప్రోటీన్‌ను పట్టుకుంది. 1995లో అమెరికాలో పౌలా పిఠా బృందం ఆ కుటుంబంలోనే ఐఆర్‌ఎఫ్-3ని బయటికి తీసింది.

ఐఆర్‌ఎఫ్-3లో 427 అమైనో ఆమ్లాలుంటాయి. మామూలు రోజుల్లో కేంద్రకం బయట, కణద్రవంలో ఊరికే ఉంటుంది. వైరస్ ఆర్‌ఎన్‌ఏ కణంలోకి చొరబడిందని కబురు అందగానే టీబీకే-1 అనే ఎంజైమ్ దాని తోక భాగంలో ఫాస్ఫేట్ అంటిస్తుంది. అప్పుడు రెండు ఐఆర్‌ఎఫ్-3లు జతకట్టి కేంద్రకంలోకి వెళ్ళి ఇంటర్‌ఫెరాన్ బీటా జన్యువును లేపుతాయి. ఇదంతా కంటికి కనపడదు. పట్టిచ్చేది ఒక యాంటీబాడీ.

ఆ యాంటీబాడీ చిటికెనవేలి కన్నా చిన్న ట్యూబులో వస్తుంది. లోపల ఉండేది సాధారణంగా 100 మైక్రోలీటర్లు, మహా అయితే రెండు చుక్కలు. గ్లిసరాల్ సగం కలిపి పంపిన రకమైతే మైనస్ 20 డిగ్రీల్లోనూ గడ్డకట్టదు. మీద చిన్న అక్షరాల్లో: కుందేలు, మానవ ఐఆర్‌ఎఫ్-3, ఫాస్ఫో సెరీన్ 396. అంటే 396వ స్థానంలో ఫాస్ఫేట్ అంటిన ఐఆర్‌ఎఫ్-3నే పట్టుకుంటుంది, అంటనిదాన్ని వదిలేస్తుంది. ప్రోటీన్ కణంలో ఉందా అన్నదానికి ఒక యాంటీబాడీ, పనిలోకి దిగిందా అన్నదానికి ఇంకొకటి. రెండూ కలిపి చూస్తేనే కథ తెలుస్తుంది.

ఈ ట్యూబు వెనక శతాబ్దానికి మించిన వంశం ఉంది. 1890లో బేరింగ్, కితాసాటో జంతువుల రక్తంలో విషాన్ని విరిచే గుణం చూశారు. 1941లో ఆల్బర్ట్ కూన్స్ యాంటీబాడీకి వెలిగే రంగు తగిలించి, వెతికే పనికి వాడటం మొదలుపెట్టాడు. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ యాంటీబాడీ చేసే కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం యాంటీబాడీని ఎడతెగకుండా తీసే పద్ధతి కనిపెట్టారు. దానికి పేటెంట్ తీసుకోలేదు. 1984లో నోబెల్ వచ్చింది. కుందేలు యాంటీబాడీలు చిన్న తేడాలను కూడా గుర్తుపడతాయని పేరు. కానీ కుందేలు కణాలతో ఆ పద్ధతి సాగేదాకా ఇరవై ఏళ్ళు పట్టింది. షికాగోలో క్యాథరిన్ నైట్ బృందం దాన్ని సాధించింది 1995లో. ఐఆర్‌ఎఫ్-3 వెలుగుచూసింది కూడా ఆ ఏడాదే, రెండూ అచ్చయింది కూడా ఒకే పత్రికలో. ఒకటి వెతకాల్సిన వస్తువు, ఇంకొకటి వెతికే పనిముట్టు. నాకు ఈ చరిత్రలో బాగా నచ్చిన ముచ్చట ఇదే.

పరీక్షకు వాడే వెస్టర్న్ బ్లాట్ 1979లో వచ్చింది. ప్రోటీన్లను జెల్‌లో విడదీసి, పొర మీదికి ఎక్కించి, ఖాళీ చోట్ల యాంటీబాడీ అంటుకోకుండా పాలపొడి నీళ్ళలో నానబెడతారు. ఫాస్ఫో యాంటీబాడీకి మాత్రం పాలపొడి వద్దంటారు. పాలలోని కేసీన్ నిండా ఫాస్ఫేట్లే కాబట్టి మసక రావచ్చు. బదులుగా ఆవు రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ వాడతారు.

ఈ కథలో మన తెలుగమ్మాయి కూడా ఉంది. కొత్తగూడెంలో డిగ్రీ చదివి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన కన్నెగంటి తిరుమలాదేవి తొలి రోజుల్లో పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో కుందేళ్ళ నుంచి యాంటీబాడీలు తీసి, మిరపకాయల్లో చేరే బూజు విషాన్ని పట్టే పరీక్ష తయారుచేశారు. ఇప్పుడు మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో ఆమె ప్రయోగశాల ఐఆర్‌ఎఫ్-1 మీద పనిచేస్తోంది. కరోనా తీవ్రమైనప్పుడు ఎగసే రెండు సైటోకైన్లు (కణాలు పంపుకునే సంకేత ప్రోటీన్లు) కలిస్తే కణాలు చచ్చిపోతాయనీ, దానికి దారి ఐఆర్‌ఎఫ్-1 గుండానేననీ 2021లో 'సెల్' పత్రికలో ఆమె బృందం చూపింది. ఐఆర్‌ఎఫ్-1 జన్యువును తీసేసిన ఎలుకల కణాలు ఆ చావును తప్పించుకున్నాయి.

జన్యువు తీసేసిన అలాంటి నాకౌట్ కణాలే యాంటీబాడీకి కూడా అసలు పరీక్ష. ప్రోటీన్ లేని కణంలోనూ గీత కనిపించిందంటే, ఆ యాంటీబాడీ ఇంకేదో పట్టుకుంటోందన్నమాట. కెనడా కేంద్రంగా ఒక బృందం 65 ప్రోటీన్లకు అమ్మకంలో ఉన్న 614 యాంటీబాడీలను ఇలాగే పరీక్షించింది. తన ప్రోటీన్‌ను పట్టుకోలేని యాంటీబాడీతో ఒక్కో ప్రోటీన్ మీద సగటున పన్నెండు దాకా పరిశోధన పత్రాలు వచ్చేశాయని తేలింది. ఎన్ని ఏళ్ళ కష్టం, ఎంత ప్రజాధనం! ఆ లెక్కలో జన్యుక్రమం తెలిసిన రీకాంబినెంట్ రకాలే మెరుగ్గా నిలిచాయి.

బొమ్మనహళ్ళి నుంచి హొసూరు రోడ్డులో దక్షిణంగా వెళితే బయోకాన్ వస్తుంది. అక్కడి నుంచి 2006లో తల, మెడ క్యాన్సర్‌కు నిమోటుజుమాబ్ యాంటీబాడీ మందు బజారులోకి వచ్చింది. మందుగా ఇచ్చే యాంటీబాడీని ప్రభుత్వం గడప గడపకూ ఆపి అడుగుతుంది. పరిశోధనకు కొనే రెండు చుక్కలను అలా అడిగేవాళ్ళు లేరు. అందుకే పరిశోధనలోకి అడుగుపెడుతున్న మన పిల్లలకు నా మనవి: కేటలాగులోని బొమ్మ చూసి ఊరుకోవద్దు. ట్యూబు మీది లాట్ నంబరు నోటుపుస్తకంలో రాసుకోండి, ఐఆర్‌ఎఫ్-3 తీసేసిన కణాలను పక్కన పెట్టి ఒక్క బ్లాట్ నడపండి, ఆ తరువాతే మీ అసలు ప్రయోగం మొదలుపెట్టండి.