షిఫ్టు: పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతమున అర్థములు, వాడుక

కర్మాగారమున పని ఎడతెగక సాగుటకై దినమును విభజించిన కాలభాగములలో ఒక్కొక్కదానిని, ఆ కాలమున పనిచేయు జనమును, ఒకచోటినుండి వేఱొకచోటికి మార్చుటను గూడ షిఫ్టు అందురు. ప్రాచీనాంగ్లమున దీనికి మూలమైన క్రియకు పంచుట, ఏర్పాటుచేయుట అని అర్థము. చోటు మార్చుట అను అర్థము తరువాత చేరినది. 19వ శతాబ్దిలో గనికార్మికుల నోట పనివేళకు పేరై, క్రమముగా కర్మాగారములకు వ్యాపించినది.

తెలుగునాట ఈ పదము వేరూనిన తావులలో, ముంబయి రహదారి వెంట రామచంద్రాపురము మొదలుకొని పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం మీదుగా సదాశివపేట వఱకు సాగిన పారిశ్రామికప్రాంతము ముఖ్యమైనది. 1960ల దశకమున రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసెను. తరువాతి దశాబ్దములలో పటాన్‌చెరున పారిశ్రామికవాడయు, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం వైపున ఔషధములకు వలయు రసాయనముల పరిశ్రమలును విస్తరిల్లెను. ఇనుపపనిలో లేతుయంత్రమును సాయంకాలము నిలిపి మఱునాడు నడుపవచ్చును గాని, రియాక్టరులో మొదలైన రసాయనచర్యను అట్లు నిలుపరాదు. ఉష్ణోగ్రతను, పీడనమును వేళవేళకు చూచి బ్యాచ్ కాగితములలో వ్రాయుచుండవలసినదే. ఆ బ్యాచ్ ముగియుటకు పట్టు కాలము తఱచుగా ఒక మనిషి పనిగంటలను మించును. ఇచ్చట షిఫ్టు అను మాట జనజీవనమును ఇంతగా అల్లుకొనుటకు ఇదియే ప్రధానకారణము.

1948 నాటి కర్మాగారాల చట్టము ఈ పదమును సూక్ష్మముగా నిర్వచించినది. ఒకే విధమైన పనిని వేర్వేరు వేళల రెండు లేక అంతకు మించిన జట్లు చేయునపుడు, ఆ జట్టు ‘రిలే’. ఆ కాలము మాత్రమే ‘షిఫ్టు’. వ్యవహారమున ఈ భేదము నిలువలేదు. “ఏ షిఫ్టు దిగింది” అన్నపుడు బస్సెక్కుటకు వచ్చుచున్న మనుషులే ఉద్దిష్టులు. సామాన్యముగా ఉదయము 6 మొదలు 2 వఱకు ఏ, 2 మొదలు రాత్రి 10 వఱకు బీ, తరువాత తెల్లవారువఱకు సీ. కార్యాలయపు వేళలు గలది జనరల్. “ఈ వారం ఏం షిఫ్టు తమ్మీ?” అని అడిగినవానికి “బీ షిఫ్టే అన్నా, సోమారం సంది నైట్ పడ్తది” అని బదులు వచ్చును. పెండ్లిచూపులైనను, పొలముపనియైనను ఈ బదులును బట్టియే నిశ్చయమగును.

పత్రికలవారు ‘పాళి’ అని వ్రాయుదురు. చెఱువునీటికి ‘వంతు’ అను మాట పల్లెలలో అనాదిగా ఉన్నను అది షిఫ్టునకు పర్యాయము కాలేదు. వంతు మనిషికి దక్కెడు భాగము. షిఫ్టు మనిషి వచ్చినను రాకున్నను సాగిపోవు కాలము.

ఈ పదమును అంటిపెట్టుకొని మఱికొన్ని మాటలు పుట్టినవి. తన తరువాత పనికి వచ్చువాడు రిలీవరు. అతడు రానిచో ముందటివాడే నిలిచిపోవలెను; అది ‘డబుల్ డ్యూటీ’, దానికి వచ్చు సొమ్ము ‘ఓటీ’. నియమిత గంటలను మించిన పనికి రెట్టింపు వేతన మీయవలెనని ఆ చట్టపు 59వ నిబంధన విధించినది. షిఫ్టు మారు వేళ అతిసున్నితమైనది: ఏ వాల్వు తెఱచియున్నది, ఏ పంపు మరమ్మతులో నున్నది అను సంగతులను లాగ్‌బుక్కున వ్రాసి, నోటితోను చెప్పి అప్పగింపవలెను. ఇది ఆచారమాత్రము కాదు, ప్రాణరక్షణము. 2025 జూన్ 30 ఉదయమున పాశమైలారంలోని సిగాచి కర్మాగారమున సంభవించిన పేలుడులో నలువదిమందికి పైగా మరణించిరి; వారిలో అనేకులు బీహారు, ఒడిశా మొదలగు రాష్ట్రములనుండి వచ్చినవారు. అట్టి వేళ లోపల నున్నవారెవరని తెలుపునది షిఫ్టు హాజరుపట్టిక. దానిలో ఒప్పందకూలీల పేర్లును విడువక ఎక్కించుట యాజమాన్యముల కనీసధర్మము.

క్రియగా దీని వాడుక ఊరంతయు కలదు: రోగిని సంగారెడ్డినుండి హైదరాబాదునకు ‘షిఫ్టు చేసిరి’, అద్దెయిల్లు మారినవారు ‘షిఫ్టయినాము’ అందురు.

స్త్రీల విషయమున ఈ పదము చాలకాలము పగటికే పరిమితమైయుండెను. 1948 చట్టపు 66వ నిబంధన రాత్రి 7 మొదలు ఉదయము 6 వఱకు స్త్రీలను కర్మాగారములలో నియమింపరాదనెను. వృత్తిభద్రతకు సంబంధించిన 2020 నాటి స్మృతి, వారి సమ్మతియు తగిన రక్షణయు ఉన్నచో రాత్రిపనికి అనుమతించుచున్నది.